యువతకి మిగిలేది చివరి మూడు నిమిషాలేనా?

ఇప్పుడే ఒక ఆన్‌లైన్ సభలోంచి బయటికొచ్చాను. ఒళ్ళు మండిపోతోంది. కాస్త చల్లబడ్డాక రాస్తే మర్యాదగా రాస్తాను. ఇవాళ మర్యాదగా రాయాలని లేదు.

సభ పేరులోనే యువత ఉంది, భూమి ఉంది, శాంతి ఉంది. గంటన్నర కార్యక్రమం. మాట్లాడినవాళ్ళంతా తల పండినవాళ్ళే. యువతే మన ఆశ, యువతే మన రేపు అంటూ ఒకరి తర్వాత ఒకరు ఊకదంపుడు. ప్రతి వక్తా ఇచ్చిన సమయం దాటేశాడు, ఒక్కరినీ ఎవరూ ఆపలేదు. అంతా అయ్యాక "ఇప్పుడు మన యువ వాలంటీర్ అనుభవం విందాం" అని ఒక అమ్మాయిని పిలిచారు. నది నీళ్ళు పరీక్షించే బృందంలో పనిచేస్తోంది. మూడు నిమిషాలు ఇచ్చారు. మొదటి పట్టిక చూపించింది. రెండోది తెరమీదికి వస్తుండగానే "టైమ్ అయిపోయిందమ్మా, చాలా బాగా చెప్పావు" అని మైక్ ఆపేశారు. ఆ పిల్ల పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. మాట మాత్రం వినబడటంలేదు. ఆ వెంటనే "అందరూ కెమెరాలు ఆన్ చేసి చేతులూపండి, గ్రూప్ ఫొటో!" ఆ అమ్మాయి కూడా చెయ్యి ఊపింది.

ఆమె ఏం చెప్పబోయిందో ఆ పెద్దమనుషుల్లో ఒక్కరికైనా పట్టిందా? నీటి మురికిని కొలవడానికి వాళ్ళ దగ్గర ఒక పొడవాటి గాజు గొట్టం ఉంది. అడుగున నలుపు తెలుపు గుర్తు ఉంటుంది. నిండా నది నీళ్ళు పోసి, పైనుంచి కన్ను పెట్టి చూస్తూ, కింది నుంచి కొద్దికొద్దిగా నీళ్ళు వదులుతారు. అడుగున గుర్తు కనబడగానే ఆపి, నీళ్ళ ఎత్తు ఎంతుందో రాసుకుంటారు. నీళ్ళు ఎంత మురికైతే ఆ అంకె అంత తక్కువ. నీళ్ళలో ఆక్సిజన్ చూడాలంటే సీసాలో ఒక్క గాలి బుడగ మిగలకూడదు, మిగిలితే లెక్క తప్పుతుంది, మళ్ళీ మొదటికి రావాలి. వారం వారం ఇదే పని. ఎండలో, వానలో, పరీక్షల రోజుల్లో కూడా. ఆమె చూపించిన మొదటి పట్టికలో, వాన పడ్డ మర్నాడల్లా ఒకే చోట అంకెలు కిందికి జారిపోతున్నాయి. అంటే ఎగువన ఎక్కడో ఏదో కలుస్తోంది. రెండో పట్టికలో ఆ చోటు ఏదో ఉండి ఉంటుంది. అదే కదా అసలు విషయం! అక్కడే నోరు నొక్కేశారు.

ఇలాంటి లెక్కలకి విలువ లేదనే వాళ్ళు ఘనా దేశం ఏం చేసిందో చూడాలి. సముద్ర తీరాల్లో వాలంటీర్లు చెత్త ఏరుతూ ఏ రకం ముక్క ఎన్ని దొరికాయో కాగితం మీద రాసుకునే పని 1986 నుంచీ జరుగుతోంది, మొదలైంది అమెరికాలో టెక్సస్ తీరాన. ఘనాలోనూ అలా లెక్కపెట్టారు. 2030కల్లా చేరుకోవాలని ఐక్యరాజ్యసమితి దేశాలు పెట్టుకున్న సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో, సముద్రంలో ప్లాస్టిక్ ఎంత ఉందో కొలిచే సూచీకి ఆ దేశం ఈ లెక్కల్నే అధికారిక గణాంకాలుగా వాడింది. వంగి వంగి సీసా మూతలు ఏరిన పిల్లల లెక్క దేశం లెక్క అయింది. మన సభలో పట్టిక చూపించడానికి ఇంకో రెండు నిమిషాలు దొరకలేదు.

ఇంతవరకూ అయితే ఓర్చుకునేదాన్నేమో. చాట్‌లో జరిగింది చూశాక ఓర్పు పోయింది. ఎవరో ఆ అమ్మాయిని అడిగారు, పరీక్షకి రసాయనాలు ఎవరు కొంటారు అని. "మేమే తలా కొంత వేసుకుంటాం" అని రాసింది. దానికి నిర్వాహకుల్లో ఒకాయన జవాబు: "సేవ చేసేవాళ్ళు ఖర్చు లెక్కలు చూసుకోకూడదమ్మా, మనసు ముఖ్యం." ఆ మాట రాసినాయన ఆ సంస్థలో జీతగాడు. ఆ సభ నడిపిన గంటన్నరకీ ఆయనకి జీతం వస్తుంది. రావాలి కూడా, పనిచేసినవాళ్ళకి డబ్బు ముట్టాల్సిందే. మరి అదే న్యాయం ఆ పిల్లకెందుకు వర్తించదు?

ఈ మాట నాకు కొత్త కాదు. కాలేజీ రోజుల్లో వరద సాయానికి వెళ్ళాం. బస్సు ఖర్చు మాదే, బూట్లు మావే. రోజంతా బురదనీళ్ళలో నానిన కాళ్ళు పుండ్లు పడితే మందూ మేమే కొనుక్కున్నాం. తీసుకెళ్ళిన సంస్థని దారి ఖర్చులైనా ఇస్తారా అని ఒక అబ్బాయి అడిగాడు. ఇంట్లో పరిస్థితి బాగాలేని పిల్లాడు, అప్పు చేసి వచ్చాడు. "డబ్బు కోసమైతే ఎందుకొచ్చావు?" అన్నారు, అందరి ముందూ. వాడు ఇంకెప్పుడూ ఏ సేవకీ రాలేదు. మా అందరిలోకీ పడవ నడపడం, మనుషుల్ని ఒడ్డుకి చేర్చడం బాగా తెలిసినవాడు వాడే. కొన్నాళ్ళకి ఆ సంస్థ వార్షిక నివేదిక వచ్చింది. అట్ట మీద మా బురద కాళ్ళ ఫొటో. వాడి కాళ్ళు కూడా ఉన్నాయి అందులో.

ఊరికే చేస్తేనే సేవ అనేవాళ్ళకి ఒక్క ప్రశ్న. ఊరికే చేయగలిగేది ఎవరు? నెల తిరిగేసరికి ఇంటికి నాలుగు డబ్బులు పంపాల్సిన పని లేనివాళ్ళు. చేతి చమురు వదిలించుకున్నా ఇబ్బంది పడనివాళ్ళు. కరువు, వరద, యుద్ధం ఎవరి గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాయో ఆ ఇళ్ళ పిల్లలు మాత్రం రాలేరు. వాళ్ళ కష్టం గురించి మాట్లాడే సభలో వాళ్ళే ఉండరు.

డబ్బు పుచ్చుకుంటే సేవ మైలపడుతుందనేది ఎక్కడి నీతి? 1961లో అమెరికా, తన వాలంటీర్లని వేరే దేశాలకి పంపడానికి పీస్ కోర్ అనే సంస్థ పెట్టినప్పుడు వాలంటీర్లకి బతకడానికి భత్యం, వైద్యం, తిరిగొచ్చాక కాళ్ళమీద నిలబడటానికి కొంత మొత్తం, అన్నీ ఏర్పాటు చేశారు. 1970లో సర్వప్రతినిధి సభ తీర్మానంతో పుట్టిన ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం కూడా బయటికి పంపే వాలంటీర్లకి జీవన భత్యం ఇస్తుంది. వాళ్ళెవరూ సేవ చేయలేదా?

అదే ఐక్యరాజ్యసమితి సచివాలయంలో ఇంటర్న్‌లకి జీతం ఇవ్వరు, అది వేరే ఘోరం. 2015లో జెనీవాలో ఇంటర్న్‌గా చేరిన న్యూజీలాండ్ కుర్రాడు ఒకడు సరస్సు ఒడ్డున గుడారంలో ఉంటున్నాడని ఫొటోలు బయటికొచ్చి ప్రపంచమంతా చూసింది. ఈ అన్యాయం నలుగురి కళ్ళలో పడాలనే అలా చేశానని తర్వాత తనే చెప్పాడు. మంచిపని చేశాడు. ఆ వయసువాడు గుడారం వేసుకుంటే తప్ప ఎవరికీ కనబడలేదంటే సిగ్గుపడాల్సింది వాడు కాదు. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నుంచి ఇంటర్న్‌లకి భత్యం ఇవ్వడం మొదలుపెట్టింది. ఇవ్వాలనుకుంటే ఇవ్వచ్చన్నమాట. మనసు లేకపోవడమే అడ్డం.

నాకు అన్నిటికంటే గౌరవం వంగారి మథాయి అంటే. కెన్యాలో 1977లో గ్రీన్ బెల్ట్ ఉద్యమం మొదలుపెట్టింది. పల్లె ఆడవాళ్ళ చేత మొక్కలు నాటించి వాళ్ళకి డబ్బిచ్చింది. చిన్న మొత్తమే, కానీ ఎప్పుడిచ్చేది? నాటినందుకు కాదు, మొక్క బతికినందుకు! ఈ ఒక్క షరతులో ఎంత తెలివుంది, ఎంత గౌరవముంది! నీళ్ళు పోసిన చెయ్యికి విలువ కట్టింది, బతికిన చెట్టుకి విలువ కట్టింది. కట్టెల కోసం మైళ్ళు నడిచే ఆడవాళ్ళకి ఇంటి దగ్గరే కట్టె దొరికింది, చేతిలో నాలుగు నాణేలు ఆడాయి. కోట్ల చెట్లు లేచాయి. 2004లో ఆమెకి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చినప్పుడు చెట్లకి శాంతి బహుమతేంటని ముఖం చిట్లించినవాళ్ళున్నారు. నీళ్ళూ నేలా అడవీ తరిగిపోయిన చోటే కదా మనుషులు ఒకరి గొంతు ఒకరు పట్టుకునేది!

మన ఉత్సవాలు దీనికి పూర్తిగా రివర్స్. నాటిన రోజు పండగ, మర్నాటి నుంచి అడిగే నాథుడు ఉండడు. 2019 నవంబరు 11న టర్కీలో ఒక్కరోజులో 1 కోటి 10 లక్షల మొక్కలు నాటారు. ఒక రాష్ట్రంలో గంటలో 3 లక్షలు దాటించి ప్రపంచ రికార్డు కొట్టారు. మూడు నెలలు తిరక్కముందే అక్కడి వ్యవసాయ, అటవీ కార్మికుల సంఘం వెళ్ళి, తాము చూసినచోట 90 శాతం దాకా ఎండిపోయాయని చెప్పింది. ప్రభుత్వం కాదంది. శ్రీలంకలో 2004 సునామీ తర్వాత తీరమంతా మడ మొక్కలు నాటారు. పరిశోధకులు తర్వాత 23 చోట్ల వెళ్ళి చూస్తే 9 చోట్ల ఒక్క మొక్కా బతికి లేదు. పోటు నీళ్ళలో ఎక్కువసేపు మునిగి ఉండే చోట పాతేసి వెళ్ళిపోతే ఏ మొక్క బతుకుతుంది? నాటాక చూసుకోవడానికి మనిషి ఉండాలిగా? అక్కడ మోకాలి లోతు బురదలో దిగిన కుర్రాళ్ళ కష్టం ఎవరి ఖాతాలో రాయాలి? వాళ్ళలో ఎంతమంది ఇక ఏ మొక్కా నాటకూడదని ఒట్టు పెట్టుకున్నారో!

ఇంకా దారుణమైనది చెప్పాలంటే చెయ్యి వణుకుతుంది. డబ్బు కట్టి "సేవ" చేయడానికి వచ్చే విదేశీ కుర్రకారు కోసం, తల్లో తండ్రో బతికున్న పిల్లల్ని ఇళ్ళనుంచి తెచ్చి అనాథలుగా చూపించిన ఆశ్రమాలు నేపాల్‌లో, కంబోడియాలో బయటపడ్డాయి. రెండు వారాలు ఆడించి, ఫొటోలు దిగి, విమానం ఎక్కేస్తే ఆ పిల్లలు మళ్ళీ ఇంకో అక్క కోసం, ఇంకో అన్న కోసం గేటు దగ్గర నిలబడాలి. వచ్చిన యువకుల మనసు మంచిదే అయుండొచ్చు. ఆ మంచి మనసుని అమ్ముకున్నవాళ్ళ సంగతేంటి?

శాంతి విషయానికొస్తే మరీ అన్యాయం. 2015 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2250వ తీర్మానం చేసింది. యుద్ధాలు ఆపే చర్చల్లో, ఆ తర్వాత దేశాల్ని నిలబెట్టే పనిలో 18 నుంచి 29 ఏళ్ళవాళ్ళకి చోటివ్వాలని. చదివితే కడుపు నిండుతుంది. ఆ తర్వాత 2017లో శాంతి కోసం పనిచేసే యువ సంస్థల్ని దాదాపు 400 దాకా అడిగి చూస్తే, సగం సంస్థలు ఏడాదికి 5,000 డాలర్ల లోపు డబ్బుతో నెట్టుకొస్తున్నాయని తేలింది. పనిచేసేవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా జీతం లేనివాళ్ళే. ఐదువేల డాలర్లతో రెండు వర్గాల మధ్య పగ చల్లార్చమంటున్నాం. ఒక్క సభకి వక్తల విమానం టికెట్లు, హోటల్ గదులు కలిపితే అంతకంటే ఎక్కువవుతుంది!

చేసేవాళ్ళు మాత్రం చేస్తూనే ఉన్నారు, ఇవాళ కొత్తగా కాదు. మొదటి ప్రపంచ యుద్ధం అయిన రెండేళ్ళకి, 1920లో, పియేర్ సెరెసోల్ అనే స్విస్ ఇంజినీరు కొంతమందిని వెంటబెట్టుకుని వెర్డన్ దగ్గర నేలమట్టమైన ఒక ఫ్రెంచ్ పల్లెకి వెళ్ళాడు. ఆ బృందంలో జర్మన్లూ ఉన్నారు. నిన్నటిదాకా ఆ పల్లెని గుండ్లతో కొట్టిన దేశంవాళ్ళు! గుడిసెలు కట్టారు, దారులు బాగుచేశారు, పొలాలు చదును చేశారు. కొన్ని నెలలకి, జర్మన్ల సాయం మాకొద్దు అనే మాట వచ్చింది, పని సగంలో వదిలేసి వెళ్ళాల్సివచ్చింది. పల్లెవాళ్ళని తప్పుపట్టలేం, పోయినవాళ్ళ సమాధుల మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. సెరెసోల్ ఆగలేదు. అక్కడ మొదలైన ఉద్యమమే ఇవాళ అనేక దేశాల్లో శిబిరాలు నడుపుతోంది. 1934 భూకంపం తర్వాత ఆయన బీహార్ కూడా వచ్చి పనిచేశాడు. మీటింగుల్లో ఇలాంటివాళ్ళ పేరు ఎత్తేవాళ్ళు నాకు ఇంతవరకూ కనబడలేదు. "నేటి యువత ఫోన్లకి అతుక్కుపోయింది" అనేవాళ్ళు మాత్రం ప్రతి మీటింగులోనూ ఉంటారు. 15 ఏళ్ళ గ్రేటా థన్‌బర్గ్ 2018 ఆగస్టులో, వాతావరణ మార్పుని ఆపండంటూ బడి మానేసి, అట్టముక్క పట్టుకుని స్వీడన్ పార్లమెంటు బయట ఒంటరిగా కూర్చుంటే, ఆ పిల్లని బడికి పొమ్మన్నవాళ్ళు కూడా వీళ్ళ బాపతే. ఫోన్ పట్టుకుంటే తప్పు, వీధిలోకొస్తే తప్పు, లెక్కలు తెస్తే టైమ్ లేదు. ఏం చేయమంటారు ఈ పిల్లల్ని?

2026ని సుస్థిర అభివృద్ధి కోసం అంతర్జాతీయ వాలంటీర్ల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఎటూ డిసెంబరు 5న వాలంటీర్ల దినోత్సవం ఏటా ఉండనే ఉంది. సభలకి కొదవ ఉండదు, మనకి పిలుపులూ వస్తాయి. వచ్చినప్పుడు నేను మూడు విషయాలు అడగబోతున్నా. దారి ఖర్చు ఎవరిస్తారు, దెబ్బ తగిలితే వైద్యం ఎవరు చేయిస్తారు, మేం రాసిచ్చిన లెక్కల మీద ఎవరు ఏం చర్య తీసుకుంటారు. జవాబు లేకపోతే వెళ్ళను. మీరూ వెళ్ళకండి. పని మానేయమనడంలేదు, నదుల దగ్గరికీ, శిబిరాలకీ, తగాదాలున్న వీధుల్లోకీ వెళ్ళండి. ఫొటోలకి మాత్రం వెళ్ళకండి.

కింద కామెంట్లలో నాకు దండాలు, చప్పట్లు వద్దు. మీరు వాలంటీరుగా చేసినప్పుడు సొంత జేబులోంచి దేనికి ఖర్చుపెట్టారో రాయండి. డబ్బుల్లేక మానేసిన స్నేహితులు ఉంటే వాళ్ళ గురించి రాయండి, పేర్లు వద్దు, సంస్థల పేర్లు కూడా వద్దు. అన్నీ ఒకచోట చేర్చి, నాకొచ్చే ప్రతి ఆహ్వానానికీ జవాబుగా అదే పంపుతాను.