సవరణ: పాత గిటార్ మెడ, వేరే బాడీ – కొలత సంగతి

ఎస్పీ రోడ్డులో, పాత సామాన్ల దుకాణాల్లో దొరికిన భాగాలతో ఎలక్ట్రిక్ గిటార్ కట్టుకోవడం గురించి రాస్తూ, ‘మెడ బాడీ గాడిలో బిగుతుగా కూర్చుంటే సగం పని అయినట్టే’ అన్నాను. ఏ మెడైనా ఏ బాడీకైనా సరిపోతుందని కొందరు అనుకున్నారు. అందుకే ఈ వివరణ.

గాడి సరిపోవడం వేరు, స్కేల్ సరిపోవడం వేరు. స్కేల్ అంటే మోగే తీగ పొడవు. నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) నుంచి 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు కడ్డీ) వరకు కొలిచి రెట్టింపు చేయండి, అదే స్కేల్. ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌కు అది 25.5 అంగుళాలు, గిబ్సన్ లెస్‌పాల్‌కు సుమారు 24.75. బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) నట్ నుంచి ఆ దూరంలో లేకపోతే, వేలు నొక్కని ఖాళీ తీగ శ్రుతిలోనే ఉంటుంది, పైఫ్రెట్లకు వెళ్లేకొద్దీ స్వరం తప్పుతుంది. శాడిల్ (బ్రిడ్జి మీద ఒక్కో తీగను మోసే చిన్న ముక్క) స్క్రూలు తిప్పితే సర్దుకునేది కొద్ది మిల్లీమీటర్లే. కాబట్టి బ్రిడ్జికి రంధ్రాలు వేసేముందే కొలవండి.

క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే పాత ఫైర్‌ప్లేస్ చెక్కతో మెడ చేసుకోలేదా అని ఒక తమ్ముడు అడిగాడు. చేసుకున్నాడు, 1963లో తండ్రితో కలిసి మొదలుపెట్టి. చెక్కే పాతది, స్కేల్ మాత్రం పక్కాగా 24 అంగుళాలు!

అప్పుడే ‘వంగిన మెడను పారేయొద్దు’ అని కూడా రాశాను. అది ముందుకో వెనక్కో వంగినదాని గురించే. ఆ వంపు చాలావరకు ట్రస్ రాడ్‌తో (మెడ లోపలి, బిగించే లోహపు కడ్డీతో) సరవుతుంది. మెలి తిరిగిన మెడ జోలికి పోకండి, ఎంత చవకైనా సరే.

పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది పొటెన్షియోమీటర్లు): తీగ కదలికను పట్టే పికప్ ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ అయితే మామూలుగా 250కె (కిలో ఓమ్‌లు), రెండు చుట్టలున్న హంబకర్ అయితే 500కె.