రిపోర్టుల్లో కనిపించని జబ్బు

జ్వరం దిగి నాలుగు నెలలైనా ఒంట్లో సత్తువ రాదు. రెండంతస్తులు ఎక్కితే గుండె దడదడలాడుతుంది. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మాడు వాసన వచ్చేదాకా గుర్తుండదు. ఆస్పత్రికి వెళితే రక్తపరీక్ష, ఎక్స్‌రే, ఈసీజీ అన్నీ నార్మల్. ‘మీకేం లేదమ్మా, ఎక్కువగా ఆలోచించకండి’ అని పంపేస్తారు. ఇంట్లోనూ అదే మాట, ఇంకాస్త ఘాటుగా: పని తప్పించుకునే నాటకాలు.

కోవిడ్ వదిలివెళ్లిన ఈ బాధలు ఒంటివా, మనసువా అన్న వాదులాట ఇంకా తెగలేదు. ‘లాంగ్ కోవిడ్’ అన్న పేరు కూడా వైద్యులు పెట్టింది కాదు. 2020 మేలో ఇటలీకి చెందిన ఎలీసా పెరేగో అనే పురావస్తు పరిశోధకురాలు తన జబ్బు గురించి ట్విటర్‌లో రాస్తూ వాడిన మాట అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ఇచ్చేసరికి 2021 అక్టోబరు వచ్చింది.

తగువు మాత్రం పాతదే. 1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆస్పత్రిలో దాదాపు 300 మంది, ఎక్కువగా సిబ్బందే, అంతుచిక్కని జబ్బున పడ్డారు. ఆస్పత్రికే కొన్ని నెలలు తాళం పడింది. పదిహేనేళ్ల తరవాత ఇద్దరు మానసిక వైద్యులు పాత కేసు షీట్లు తిరగేసి, రోగులతో మాట్లాడకుండానే, అది సామూహిక హిస్టీరియా అని తేల్చారు. బాధితుల్లో స్త్రీలే ఎక్కువ కావడం వారికి ఒక ఆధారం!

మనకూ ఇలాంటి అనుభవం ఉంది. 2005 చివర ఆంధ్రప్రదేశ్‌లో తలెత్తిన చికున్‌గున్యా మరుసటి ఏడాది దేశంలో 13 లక్షల మందికి పైగా సోకిందని అనుమానించారు. జనం ‘చికెన్ గున్యా’ అంటూ నేరాన్ని కోడి మీదికి నెట్టారు; పాపం, అది దోమ పని. జ్వరం వారంలో పోయినా కీళ్ల నొప్పులు కొందరిని ఏళ్ల తరబడి వదల్లేదు. అయినా వారిని నాటకమాడుతున్నారని ఎవరూ అనలేదు. వాచిన మోకాలు కంటికి కనబడుతుంది మరి. నీరసానికి వాపు లేదు, అదే దాని నేరం.

ప్రతి నీరసమూ లాంగ్ కోవిడ్ కాదు. రక్తహీనత, థైరాయిడ్, షుగర్, క్షయ ముందు చూడాల్సిందే. దిగులుంటే దానికీ వైద్యం చేయాల్సిందే. కానీ ‘లేచి తిరిగితే అదే పోతుంది’ అన్న సలహా అందరికీ పనికిరాదు. కొందరు ఇవాళ కాస్త శ్రమపడితే ఎల్లుండికి మంచం పడతారు. దీర్ఘకాలిక అలసట జబ్బు ఉన్నవారికి విడతలవారీగా వ్యాయామం పెంచే చికిత్స వద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లో చెప్పింది. కోవిడ్ నుంచి కోలుకున్నవారికి మన కేంద్ర ఆరోగ్యశాఖ 2020 సెప్టెంబరులో ఇచ్చిన సూచనల్లో యోగా, నడక, చ్యవనప్రాశ ఉన్నాయి. చ్యవనప్రాశ తింటే తప్పులేదు, సర్కారు బాధ్యత అక్కడితో తీరదు. ఆ శాఖే 2021లో ఇచ్చిన వివరమైన మార్గదర్శకాలు ఎన్ని పీహెచ్‌సీల్లో డాక్టరు బల్ల మీదికి చేరాయి?

మేము అడిగేది పెద్ద కోరికేమీ కాదు. ఓపీ చీటీ మీద ఫలానా నెలలో వచ్చిన జ్వరం తరవాత ఈ బాధ మొదలైందని రాయండి, నెలకోసారి మళ్లీ పిలిచి చూడండి. ఉద్యోగికైతే ఆ కాగితంతో సెలవు దొరుకుతుంది. గుత్తకు నాట్లేసే ముఠాలో వెనకబడిన ఆడమనిషిని మాత్రం మర్నాడు పనికి పిలవరు. ఆమెకు ఆ చీటీతోపాటు, కోలుకునేదాకా ఇల్లు గడిచే దారి కూడా ప్రభుత్వమే చూపాలి.