జీతం క్లబ్‌ది, క్యాలెండర్ ఫిఫాది

విశాఖ పోర్టులోనో, ఉక్కు ఫ్యాక్టరీలోనో, షిప్‌యార్డులోనో పాతికేళ్లు పనిచేసిన వారెవరినైనా డెప్యుటేషన్ అంటే ఏమిటని అడగండి, అరనిమిషంలో చెబుతారు. మనిషిని అడిగి తీసుకున్న సంస్థే అతను తన దగ్గర ఉన్నన్నాళ్లూ జీతం భరిస్తుంది, సెలవు జీతానికీ పింఛనుకూ తన వాటా మాతృసంస్థకు కడుతుంది, ఏ తేదీన వెనక్కి పంపాలో ఉత్తర్వులోనే రాసి ఉంటుంది. పైగా మాతృసంస్థ సరేనంటేనే ఇదంతా జరుగుతుంది. పల్లెల్లో అరువు ఎద్దును తోలుకెళ్లినవాడే దానికి మేత వేస్తాడు. ఇది ఆ పద్ధతికే ఆఫీసు రూపం.

ప్రపంచ ఫుట్‌బాల్‌లో ఈ పద్ధతి తలకిందులుగా నడుస్తోంది. ఆటగాడిని జాతీయ జట్టుకు పంపడం క్లబ్ ఇష్టానికి వదిలిన విషయం కాదు. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా ప్రకటించిన అంతర్జాతీయ తేదీల్లో పంపి తీరాలి. అతను అక్కడ ఆడుతున్న రోజుల్లోనూ జీతం క్లబ్బే ఇస్తుంది. గాయపడి తిరిగివస్తే అతను లేని లోటునూ క్లబ్బే మోస్తుంది. లీగ్‌కూ అంతర్జాతీయ టోర్నమెంట్లకూ మధ్య క్లబ్బులు నలిగిపోతున్నాయని రాసేవారిలో ఎక్కువమంది ‘మ్యాచ్‌లు మరీ ఎక్కువయ్యాయి’ అన్న చోటే ఆగిపోతున్నారు. ఎక్కువైన మాట నిజమే. ఐరోపా క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్‌లో 125 ఉన్న మ్యాచ్‌లు 2024-25 నుంచి 189 అయ్యాయి. ప్రపంచ కప్‌లో 64 ఉన్నవి 2026లో 104 అయ్యాయి. చెల్సీ ఒక్క 2024-25 సీజన్‌లోనే, క్లబ్ ప్రపంచ కప్‌తో కలిపి, 64 మ్యాచ్‌లు ఆడింది. అయినా అసలు తగవు లెక్కది కాదు, హక్కుది. తేదీలు నిర్ణయించేదీ, ఆ తేదీల్లో టోర్నమెంట్ పెట్టి ప్రసార హక్కులు అమ్ముకునేదీ ఒకే సంస్థ.

ఇది కొత్త గొడవ కాదు. 2004 నవంబరులో బెల్జియం క్లబ్ షార్లెరువా ఆటగాడు అబ్దెల్‌మజీద్ ఉల్మెర్స్, మొరాకో తరఫున బుర్కినా ఫాసోతో ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఆడుతూ గాయపడి నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. క్లబ్ కోర్టుకెక్కింది, ఐరోపా పెద్ద క్లబ్బుల కూటమి జీ-14 దానికి అండగా నిలిచింది. తీరా 2008లో రాజీ కుదిరింది. కేసు వెనక్కి తీసుకున్నారు, జీ-14 రద్దయి దాని స్థానంలో యూరోపియన్ క్లబ్ అసోసియేషన్ వచ్చింది, పెద్ద టోర్నమెంట్లకు ఆటగాళ్లను పంపే క్లబ్బులకు ఎంతో కొంత ముట్టజెప్పడం మొదలైంది. తీర్పు దాకా ఆగకుండా రాజీపడటం క్లబ్బులు చేసిన పెద్ద పొరపాటని నా అభిప్రాయం. న్యాయస్థానం చేతుల మీదుగా వచ్చి ఉంటే అది అడిగి పుచ్చుకునే బాకీ అయ్యేది. ఇప్పుడది ఫిఫా దయతలిచి ఇచ్చే ఈనాము.

ఆ ఈనాము ఎంతో చూడండి. 2022 ఖతార్ ప్రపంచ కప్‌కు ఫిఫా క్లబ్బులకు పంచింది 20.9 కోట్ల డాలర్లు. ఆ కప్‌తో ముగిసిన నాలుగేళ్లలో ఫిఫా రాబడి 750 కోట్ల డాలర్ల పైమాటే. అంటే క్లబ్బులకు దక్కింది నూటికి మూడు కూడా కాదు. 2026కు మొత్తాన్ని 35.5 కోట్లకు పెంచారు గాని, జట్లు 32 నుంచి 48 అయ్యాయి, అర్హత మ్యాచ్‌లకు ఆటగాళ్లను పంపిన క్లబ్బులకూ అందులోంచే ఇవ్వాలి. ఖతార్‌లో ఆటగాడు ఎవరైనా సరే రోజుకు సుమారు 10,950 డాలర్ల చొప్పున లెక్కగట్టారు. గుడి ప్రసాదంలా అందరి దొప్పలోనూ ఒకే కొలత. చిన్న క్లబ్‌కు అది పండగే. వారానికి మూడు లక్షల పౌండ్ల జీతమిచ్చే క్లబ్‌కు మాత్రం ఆ ఆటగాడి ఒక్కరోజు ఖర్చే నలభై వేల పౌండ్లు దాటుతుంది.

గాయాలకు ఫిఫా బీమా ఉంది కదా అంటారు. ఉంది. ఇరవై ఎనిమిది రోజులకు మించి ఆటగాడు దూరమైతే రోజుకు గరిష్ఠంగా 20,548 యూరోలు, ఏడాదికి మించకుండా, మొత్తం 75 లక్షల యూరోల దాకా ఇస్తారు. దీని విలువ ఎంతో మన దేశపు అభిమానులకు 2023లో ప్రత్యక్షంగా తెలిసింది. ఆసియా ఛాంపియన్స్ లీగ్‌లో ముంబయి సిటీతో ఆడటానికి సౌదీ క్లబ్ అల్ హిలాల్ నవీ ముంబయి వస్తోందనగానే నెయ్‌మార్‌ను కళ్లారా చూడవచ్చని ఇక్కడి నుంచీ రైలు టికెట్లు వెతుక్కున్నవాళ్లున్నారు. అక్టోబరు 17న మాంటెవిడియోలో బ్రెజిల్ తరఫున ఉరుగ్వేతో ఆడుతూ అతని మోకాలి లిగమెంట్ తెగింది. నవంబరు 6న అల్ హిలాల్ వచ్చింది, నెయ్‌మార్ రాలేదు. సుమారు 9 కోట్ల యూరోలు పోసి కొనుక్కున్న ఆ ఆటగాడు క్లబ్ వదిలి వెళ్లేనాటికి దానికి ఆడింది మొత్తం ఏడు మ్యాచ్‌లు. ఆ నష్టం ముందు 75 లక్షలు ఏపాటి?

డబ్బు సంగతి అలా ఉంచి, తేదీల సంగతికి వద్దాం. నా వాదనకు ప్రాణం అక్కడే ఉంది. మొరాకోలో జరగాల్సిన ఆఫ్రికా కప్ మొదట 2025 జూన్-జూలైలకు అనుకున్నది. ఐరోపా లీగ్‌లు ముగిసిపోయి ఉండే ఆ రోజుల్లో జరిగితే ఏ క్లబ్‌కూ ఇబ్బంది ఉండేది కాదు. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే, జూన్ 14 నుంచి జూలై 13 వరకు, ఫిఫా తన కొత్త సరుకైన 32 జట్ల క్లబ్ ప్రపంచ కప్‌ను అమెరికాలో పెట్టింది, వంద కోట్ల డాలర్ల బహుమతి సొమ్ము ఎరవేసి మరీ పెట్టింది. దాంతో ఆఫ్రికా కప్ డిసెంబరు 21కి జరిగి, ఐరోపా లీగ్‌లు నడుమధ్యలో ఉన్నప్పుడు, ఇంగ్లండ్‌లో క్రిస్మస్ వారం మ్యాచ్‌లు ఊపిరాడనివ్వని రోజుల్లో వచ్చిపడింది. కీలక ఆటగాళ్లను నెల రోజులు వదులుకోవాల్సి వచ్చిందని క్లబ్బులు మొత్తుకున్నాయి. ఆటగాళ్లను డిసెంబరు 15 దాకా వదలనక్కర్లేదని ఫిఫా క్లబ్బులకు వెసులుబాటు ఇచ్చేసరికి, సన్నాహానికి వారం కూడా మిగలలేదని ఆఫ్రికా జట్లు మొత్తుకున్నాయి. చిన్నప్పుడు అందరం విన్న కథే ఇది: రొట్టె కోసం రెండు పిల్లులు కొట్లాడుకుంటే, తక్కెడ పట్టుకుని కూర్చున్న కోతి ఈ పక్కన ఓ ముక్క, ఆ పక్కన ఓ ముక్క కొరికి తగవు తీర్చింది. క్లబ్బులు ఆఫ్రికాను తిట్టాయి, ఆఫ్రికా క్లబ్బులను తిట్టింది, జూన్ నెల రొట్టె ఎవరి నోట్లోకి పోయిందో అడిగినవారు తక్కువ.

అడిగినవారు బొత్తిగా లేకపోలేదు. ఆటగాళ్ల సంఘం ఐరోపా విభాగం, ఐరోపా లీగ్‌ల సంఘం కలిసి 2024 అక్టోబరులో ఐరోపా కమిషన్‌కు ఫిర్యాదు చేశాయి. యజమానుల పక్షమూ కార్మికుల పక్షమూ ఒకే కాగితం మీద సంతకం పెట్టడం ఏ పరిశ్రమలోనైనా అరుదు. ఈ ఊళ్లో యూనియన్ రాజకీయాలు చూసినవారికి ఆ సంగతి మరీ బాగా తెలుసు. అంతకుముందే, 2023 డిసెంబరు 21న, ఐరోపా పెద్ద క్లబ్బులు విడిగా పెట్టుకోబోయిన సూపర్ లీగ్ కేసులో ఐరోపా న్యాయస్థానం ఒక స్పష్టమైన మాట చెప్పింది: కొత్త పోటీలకు అనుమతి ఇచ్చే అధికారాన్ని పారదర్శకమైన ప్రమాణాలేవీ లేకుండా వాడుకోవడం ఫిఫా, ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏల ఆధిపత్య దుర్వినియోగమే. అనుమతుల విషయంలో తప్పైనది తేదీల విషయంలో ఒప్పెలా అవుతుందో నాకు అర్థం కాదు.

క్లబ్బులేమీ సాధువులు కావని అంటారు, ఒప్పుకుంటాను. ఆటగాళ్లు అలసిపోతున్నారని వాపోయే ఇంగ్లిష్ క్లబ్బుల్లో రెండు, న్యూకాజిల్, టోటెన్‌హామ్, 2024 మే 19న లీగ్ ముగిస్తే మే 22కల్లా మెల్‌బోర్న్‌లో స్నేహపూర్వక మ్యాచ్ ఆడుతూ కనిపించాయి. జాతీయ జట్లు లేకపోతే లక్షన్నర జనాభా గల కరీబియన్ దీవి కురసావ్ పేరు ప్రపంచం వినేది కాదన్న మాటా నిజమే. వారి కప్ వారికి ఉండాలి. దాని ఖర్చు నిర్వాహకుడు పెట్టుకోవాలన్నదే నా వాదన.

ఇక మన దేశం సంగతి. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలకు ఆటగాళ్లను వదలలేదని ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) క్లబ్బులను దేశభక్తి లేనివారిగా చిత్రించారు. నియమం ప్రకారం ఆ క్రీడలు ఫిఫా తేదీల్లో లేవు, వదలాల్సిన బాధ్యత క్లబ్బులకు లేదు. క్రీడల్లో మన తొలి మ్యాచ్ సెప్టెంబరు 19న, ఐఎస్ఎల్ ఆరంభం సెప్టెంబరు 21న. ఈ రెండు తేదీలూ నెలల ముందే తెలిసిన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఒకదాన్ని పది రోజులు జరిపించి ఉంటే గొడవే లేదు. అలా జరగలేదు గనుక, చివరి నిమిషంలో దొరికినవారితో కూర్చిన జట్టు ముందురోజు సాయంత్రం చైనాలో దిగి, మర్నాడు 1-5తో ఓడింది. తిట్లు మాత్రం క్లబ్బులకు పడ్డాయి.

క్రికెట్‌లో ఈ తగవు ఎందుకు లేదని మన పాఠకులు అడుగుతారు. 2024లోనూ 2025లోనూ ఢిల్లీ క్యాపిటల్స్ పీఎం పాలెం స్టేడియాన్ని రెండో ఇల్లు చేసుకుని ఆడినప్పుడు, ఆ రోజుల్లో భారత జట్టుకు వేరే పని లేదు. ఐపీఎల్ కోసం ప్రపంచ క్యాలెండర్‌లోనే ఖాళీ వదిలిపెడతారు. దీన్ని ఆదర్శంగా చూపించేవారితో నేను ఏకీభవించను. అక్కడ లీగూ, జాతీయ జట్టూ రెండూ బీసీసీఐవే కావడం వల్ల తగవు లేదు. ఇద్దరి జుట్టూ ఒకరి చేతిలో ఉంటే కొట్లాట ఎలా వస్తుంది? ఫుట్‌బాల్‌లో క్లబ్ వేరు, సమాఖ్య వేరు కాబట్టి ఒప్పందం కావాలి.

ఒప్పందం మాట దేవుడెరుగు, 2025లో మనకు లీగే కరువైంది. జూలైలో నిర్వాహకులు ఐఎస్ఎల్‌ను నిలిపివేస్తే, కుదించిన సీజన్ 2026 ఫిబ్రవరిలో గాని మొదలు కాలేదు. ఈ మధ్యలో ఎఫ్‌సీ గోవా ఆసియా పోటీ ఆడింది. అక్టోబరు 22న గోవాలోని ఫటోర్డాలో సౌదీ క్లబ్ అల్ నస్ర్ చేతిలో 1-2తో ఓడిన ఆ జట్టుకు వెనక్కి వెళ్లి ఆడుకోవడానికి లీగ్ లేదు. ఐరోపా క్లబ్ రెండు పడవల మీద కాళ్లు పెట్టి తడబడుతుంటే, మన క్లబ్‌కు ఉన్న రెండు పడవల్లో ఒకటి మునిగిపోయింది. ఆ రోజు అల్ నస్ర్ ఆటగాడు రొనాల్డో రాలేదన్న నిరాశ తప్ప ఈ వింత మీద చర్చ జరగలేదు.

విశాఖకు అయితే మొదటి పడవే రాలేదు. 2020లో ఐఎస్ఎల్ కింది అంచె అయిన ఐ-లీగ్‌లో ఆడే హక్కు శ్రీనిధి క్లబ్‌కు విశాఖపట్నం పేరు మీదే దక్కింది. తీరా అది శ్రీనిధి డెక్కన్‌గా హైదరాబాద్‌లో స్థిరపడింది. ఆదివారం ఉదయం ఆర్కే బీచ్ ఇసుకలో ఆడే కుర్రాళ్ల వీపుల మీద మాడ్రిడ్, మాంచెస్టర్ పేర్లుంటాయి. సొంత ఊరి క్లబ్ లేని చోట ఆటగాడిని పంపాలా వద్దా అన్న తగవు కూడా ఒక భాగ్యంగానే కనిపిస్తుంది.

అందుకే లీగ్‌ను మళ్లీ నిలబెడుతున్న ఈ దశలోనే క్లబ్బులు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యతో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఫిఫా తేదీలు దాటి శిబిరానికి పిలిస్తే ఆ రోజుల జీతం సమాఖ్య ఇవ్వాలి. అక్కడ తగిలిన గాయానికి, క్లబ్ ఒప్పందం మిగిలి ఉన్నంతకాలం, సమాఖ్యే పూచీ పడాలి. తిరిగి వచ్చే తేదీ వెళ్లే ముందే ఖరారు కావాలి. 2026 నుంచి ఫిఫా సెప్టెంబరు, అక్టోబరు విరామాలను కలిపి పదహారు రోజుల ఒకే విరామం చేసింది. జపాన్‌లోని ఐచి-నగోయాలో 2026 ఆసియా క్రీడల తేదీలు సెప్టెంబరు 19 నుంచి అక్టోబరు 4 వరకు, అంటే దాదాపు ఆ విరామంతోనే కలిసి వస్తాయి. సమాఖ్య ఆ క్రీడలకు జట్టును పంపదలిస్తే, ఆ కాగితం మీద సంతకాలు ఆలోగా పడాలి.