ఫోన్ సరిపోతుంది, కానీ హ్యాండిల్‌బార్ మీద కాదు

"ఫోన్ ఉండగా సైకిల్ కంప్యూటర్ కొనడం దండగ" అన్న ఒక వ్యాసకర్త మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. సైకిల్ కంప్యూటర్ అంటే హ్యాండిల్‌బార్‌కి బిగించుకుని వేగం, దూరం చూసుకునే చిన్న పరికరం. ఎంత దూరం, ఎంతసేపు తొక్కామో తర్వాత చూసుకోవడానికైతే ఫోన్‌లో స్ట్రావా (రైడ్ రికార్డ్ చేసే యాప్) ఆన్ చేసి, స్క్రీన్ ఆపి జేబులో వేసుకుంటే చాలు. ఆండ్రాయిడ్‌లో మాత్రం ఆ యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ (ఛార్జింగ్ ఆదా చేసే సెట్టింగ్) తీసేయండి, లేదంటే మధ్యలో రికార్డింగ్ ఆగిపోవచ్చు.

తొక్కుతూ అంకెలు చూడాలనుకుంటేనే అసలు తేడా తెలుస్తుంది. ఎండలో కనబడాలంటే ఫోన్ బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచాలి, పైగా జీపీఎస్ కూడా నడుస్తుంటుంది. ఛార్జింగ్ చూస్తుండగానే అయిపోతుంది. చెమట చుక్క పడితే టచ్ సరిగ్గా పనిచేయదు. చాలా సైకిల్ కంప్యూటర్ల తెర ఎండలోనే ఇంకా బాగా కనబడుతుంది. బటన్లున్న మోడల్ని గ్లోవ్స్‌తోనూ నొక్కొచ్చు. నా మటుకు అన్నిటికన్నా ముఖ్యం, దారిలో పడి దెబ్బ తగిలితే ఎవరికైనా కాల్ చేయడానికి ఫోన్‌లో ఛార్జింగ్ మిగలడం.

ఆ వ్యాసంలో రాని సంగతి ఇంకొకటుంది. జీపీఎస్ లేని మామూలు వైరు కంప్యూటర్లూ దొరుకుతాయి. చక్రం చువ్వకి బిగించిన అయస్కాంతం ఫోర్క్ (చక్రాన్ని పట్టుకునే కడ్డీలు) మీది సెన్సర్ ముందు నుంచి వెళ్లినప్పుడల్లా కంప్యూటర్ ఒక చుట్టు లెక్కేసుకుని, చక్రం చుట్టుకొలతతో గుణిస్తుంది. జీపీఎస్ అందని సొరంగంలో కూడా లెక్క తప్పదు. అయితే ఆ చుట్టుకొలత మనమే సరిగ్గా ఇవ్వాలి. 700×25 సైజు (టైరు పక్కన రాసి ఉంటుంది) టైరుకి సుమారు 2105 మిల్లీమీటర్లు. గాలి నింపి, సీటు మీద కూర్చుని, చక్రాన్ని సరిగ్గా ఒక చుట్టు ముందుకు నడిపి నేల మీద టేపుతో కొలిస్తే ఇంకా కచ్చితం. వేగం, దూరం చాలనుకునేవాళ్లు ముందు దీన్నే చూడండి.