బరోకు కాపలా ఏది?

2026 జనవరి 4న సిన్సినాటిలో జరిగిన సీజన్ చివరి మ్యాచ్‌లో క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్స్ ఆటగాడు మైల్స్ గారెట్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఓ పాత రికార్డును బద్దలుకొట్టాడు. ఒకే సీజన్‌లో 23 శాక్‌లు. బంతి విసిరి ఆట నడిపించేవాణ్ని క్వార్టర్‌బ్యాక్ అంటారు. అతడు విసిరేలోపే నేల కరిపిస్తే దాన్ని శాక్ అంటారు. 2001 నుంచి ఈ లెక్క 22.5 దగ్గరే ఆగి ఉంది. ఇంతకీ ఆ 23వ శాక్‌కు నేల కరిచింది ఎవరు? సిన్సినాటి బెంగాల్స్ క్వార్టర్‌బ్యాక్ జో బరో. ఎవరో ఒకరి మీద పడాల్సిన రికార్డే. బరో మీదే పడిందని విన్నప్పుడు మాత్రం మాకు ఆశ్చర్యం కలగలేదు.

ఒహాయోలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో ఈ జట్టు నారింజ రంగు జెర్సీ వేసుకుని ఆదివారాలు టీవీకి అతుక్కుపోయే పిల్లలున్నారు. వాళ్లను చూడటానికి ఇక్కడి నుంచి వెళ్లిన తాతయ్యలు అడిగే ప్రశ్న ఒకటుంది. ‘బంతి ముట్టుకోకుండా ముందు నిలబడే ఆ లావుపాటి ఐదుగురు ఏం చేస్తున్నట్టురా?’ పిల్లలు నవ్వొచ్చు గానీ, బెంగాల్స్ యాజమాన్యం ఏళ్ల తరబడి జవాబు వెతుక్కుంటున్నది కూడా ఈ ప్రశ్నకే.

ఆ ఐదుగురినీ కలిపి ఆఫెన్సివ్ లైన్ అంటారు. మధ్యలో సెంటర్, అతడికి రెండు పక్కలా గార్డులు, రెండు చివర్లలో టాకిల్స్. ఒక్కొక్కరు 140 కిలోలకు అటూఇటూగా ఉంటారు. సెంటర్ తన కాళ్ల మధ్య నుంచి బంతిని వెనక్కి అందించిన క్షణం నుంచి క్వార్టర్‌బ్యాక్ దాన్ని విసిరే దాకా, అంటే రెండున్నర మూడు సెకన్లు, ఎదుటివాళ్లను అతడి దగ్గరికి రానివ్వకూడదు. వినడానికి ఇంతే. కానీ ఎదుటివాళ్లు తిన్నగా వస్తారా? చివర నుంచి రావాల్సినవాడు లోపలికి దూరతాడు, లోపలున్నవాడు వాడి వెనకగా చుట్టూ తిరిగి బయటికొస్తాడు. అప్పుడు టాకిల్ తన మనిషిని గార్డుకు అప్పగించి, గార్డు వదిలినవాణ్ని తాను అందుకోవాలి. చెప్పుకునే వ్యవధి ఉండదు. పక్కవాడి భుజం ఎటు కదిలిందో చూసి గ్రహించాలి. కబడ్డీలో చేతులు పట్టుకుని గొలుసుగా నిలబడ్డవాళ్లలో ఒకడు అర అడుగు ముందే ఉరికితే రైడర్ జారిపోతాడు. ఇక్కడా అంతే. నలుగురు తమ పని చక్కగా చేసినా ఐదోవాడు తడబడితే చాలు, క్వార్టర్‌బ్యాక్ గడ్డి మీదుంటాడు. ఈ అలవాటు కలిసి ఆడితేనే వస్తుంది. బజారులో దొరకదు.

సిన్సినాటికి లైన్ విలువ తెలియదనుకోవద్దు. 1980 నుంచి 1992 వరకు ఇక్కడ లెఫ్ట్ టాకిల్‌గా ఆడిన ఆంథోనీ మునోజ్‌ను ఆ స్థానంలో ఎప్పటికీ గొప్పవాడనేవాళ్లు ఎందరో. 1998లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. అలాంటి ఊళ్లో ఈ తిప్పలు ఎప్పుడు మొదలయ్యాయంటే, మేము 2017 మార్చి వైపు చూపిస్తాం.

ఆ నెలలో జట్టు ఇద్దరిని వదులుకుంది. గార్డు కెవిన్ జైట్లర్‌ను క్లీవ్‌ల్యాండ్ ఐదేళ్లకు 6 కోట్ల డాలర్లిచ్చి పట్టుకుపోయింది. లెఫ్ట్ టాకిల్ ఆండ్రూ విట్‌వర్త్ 11 సీజన్లు బెంగాల్స్‌కే ఆడినవాడు. 35 ఏళ్లొచ్చాయి, ఇంకెంతకాలం ఆడతాడులే అనుకున్నట్టున్నారు. లాస్ ఏంజెలెస్ రామ్స్ అలా అనుకోలేదు. ఐదేళ్లు గడిచాయి. 2022 ఫిబ్రవరి 13న లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో బెంగాల్స్‌కు ఎదురుగా రామ్స్ తరఫున అదే లెఫ్ట్ టాకిల్ స్థానంలో విట్‌వర్త్ నిలబడ్డాడు. అప్పటికి అతడికి 40. రామ్స్ 23-20తో గెలిచింది, అతడు ట్రోఫీ ముద్దాడి ఆట నుంచి తప్పుకున్నాడు. అదే రాత్రి అదే మైదానంలో బరో ఏడుసార్లు శాక్ అయ్యాడు. చిట్టచివరి నిమిషంలో, ఆఖరిదైన నాలుగో ప్రయత్నంలో ఒక్క గజం కావాల్సి ఉండగా, రామ్స్ ఆటగాడు ఆరన్ డోనాల్డ్ లైన్‌ను దాటొచ్చి బరోను గిర్రున తిప్పేశాడు. చేతిలోంచి ఎలాగో వదిలిన బంతి ఎవరికీ అందలేదు. బెంగాల్స్ ఇప్పటికీ ఒక్క సూపర్ బౌల్ కూడా గెలవలేదు.

అది ఆ ఒక్క రాత్రి దురదృష్టమని సరిపెట్టుకోవడానికి లేదు. ఆ సీజన్ లీగ్ మ్యాచుల్లో బరో 51 సార్లు శాక్ అయ్యాడు. అందరికంటే ఎక్కువ. ప్లేఆఫ్స్‌లో మరో 19. అందులో టెనెసీ మీద ఒక్క మ్యాచ్‌లోనే తొమ్మిది, అయినా 19-16తో గెలిచారు. ఆ గెలుపును అభిమానులు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. జట్టుకు అది మేలు కంటే కీడే ఎక్కువ చేసిందేమోనని మా అనుమానం. తొమ్మిదిసార్లు పడ్డా లేచి గెలిపించేవాడు ఉన్నప్పుడు పడకుండా చూసే తొందర ఎవరికుంటుంది?

తొందరపడాల్సిన కారణం అంతకుముందే దొరికింది. కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా, రౌండ్లుగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2020లో మొట్టమొదటి ఆటగాడిగా వచ్చిన బరో, నవంబరు 22న వాషింగ్టన్‌తో మ్యాచ్‌లో మోకాలి లిగమెంట్లు తెగి కుప్పకూలాడు. ఆడింది పది మ్యాచులు, శాక్‌లు 32. తర్వాతి డ్రాఫ్ట్‌లో ఐదో స్థానంలో ఎంచుకునే వంతు వచ్చినప్పుడు ఊరంతా ఒకటే చర్చ. టాకిల్ పెనీ సూయెల్‌నా, బరోతో కాలేజీలో ఆడిన, విసిరిన బంతిని అందుకునే రిసీవర్ జమార్ చేజ్‌నా? జట్టు చేజ్‌ను తీసుకుంది. రెండు స్థానాల తర్వాత సూయెల్ డెట్రాయిట్‌కు వెళ్లి లీగ్‌లోని అత్యుత్తమ టాకిల్స్‌లో ఒకడయ్యాడు. చేజ్ ఎంపిక తప్పని మేము అనం. 2024లో 127 క్యాచ్‌లు, 1,708 గజాలు, 17 టచ్‌డౌన్లతో మూడింటా లీగ్‌లో మొదట నిలిచినవాణ్ని తప్పని ఎలా అంటాం? చేజ్‌ను తీసుకున్నాక లైన్ సంగతి ఏమిటన్నదే ప్రశ్న. దానికి రెండో రౌండ్లో చెప్పిన జవాబు జాక్సన్ కార్మన్. అతడు జట్టులో పాతుకుపోలేదు.

యాజమాన్యం పిసినారిదన్న మాట సిన్సినాటిలో ఎప్పుడూ వినిపిస్తుంది. 1968లో పాల్ బ్రౌన్ మొదలుపెట్టిన ఈ జట్టు ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. ఆటగాళ్లను వెతికే స్కౌట్లు మిగతా జట్లతో పోలిస్తే చాలా తక్కువమంది. అయినా లైన్ మీద ఖర్చు పెట్టలేదనడం నిజం కాదు. 2015లో మొదటి రెండు రౌండ్లలోనూ టాకిల్స్‌నే తీసుకుంది. 2018లో మొదటి రౌండ్లో సెంటర్, 2019లో మొదటి రౌండ్లో మళ్లీ టాకిల్. సూపర్ బౌల్ ఓడాక చేతులు కాలాయని తెలుసుకుని 2022లో టెడ్ కరాస్, అలెక్స్ కప్పా, లయెల్ కాలిన్స్‌లను బయటి నుంచి కొని తెచ్చింది. 2023లో ఓర్లాండో బ్రౌన్‌కు నాలుగేళ్లకు 6.4 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2024లో మొదటి రౌండ్లో అమారియస్ మిమ్స్. ఇన్ని వరసగా చదివితే లైన్ మీద ఇంత శ్రద్ధ పెట్టిన జట్టు ఇంకోటి ఉండదేమో అనిపిస్తుంది.

మరి ఎందుకు కుదరలేదు? 2022 సీజన్ మొదటి రెండు మ్యాచ్‌లు చూస్తే చాలు. ఐదుగురిలో నలుగురు కొత్తవాళ్లు. బరో 13 సార్లు శాక్ అయ్యాడు. కొత్త ఇంట్లో చీకట్లో స్విచ్ ఎక్కడుందో తడుముకున్నట్టుంది వాళ్ల ఆట. వారాలు గడిచేకొద్దీ కుదురుకున్నారు, జట్టు గెలవడం మొదలుపెట్టింది. సరిగ్గా ప్లేఆఫ్స్ సమయానికి ముగ్గురు గాయపడ్డారు. బఫెలోలో మంచు కురుస్తుంటే రిజర్వు ఆటగాళ్లతోనే 27-10తో గెలిచారు గానీ, తర్వాతి వారం కాన్సాస్ సిటీలో ఐదు శాక్‌లు, మళ్లీ అదే 23-20 ఓటమి. గాయాలు ఎవరి చేతుల్లోనూ లేవు. అయితే రిజర్వులో ఎవరున్నారు, వాళ్లను ఎన్నేళ్లుగా తయారుచేస్తున్నారు అన్నది మాత్రం జట్టు చేతుల్లోనే ఉంది.

తయారుచేసేది కోచ్. 2017 చివరి దాకా పాల్ అలెగ్జాండర్ ఒక్కరే రెండు దశాబ్దాలకు పైగా లైన్ కోచ్‌గా ఉన్నారు. ఆయన వెళ్లాక 2018లో ఫ్రాంక్ పొలాక్, 2019లో జిమ్ టర్నర్, 2021లో మళ్లీ పొలాక్, 2025లో స్కాట్ పీటర్స్. ఒకాయన చేతులు ఎలా పెట్టాలో నేర్పితే, ఇంకొకాయన వచ్చి కాళ్ల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెడతారు. బడిలో ఏటా లెక్కల మాస్టారు మారితే పిల్లల గతి ఏమవుతుందో మన ఊళ్లలో ఎవర్నడిగినా చెబుతారు.

పైగా నేర్చుకునే సమయం కూడా తగ్గింది. 2011లో ఆటగాళ్ల సంఘంతో లీగ్ చేసుకున్న ఒప్పందం ప్రకారం సీజన్ మొత్తంలో ప్యాడ్లు కట్టుకుని చేసే ప్రాక్టీసులు 14కు మించకూడదు. రోజుకు రెండు పూటలా ప్యాడ్లతో కుస్తీ పట్టించడం పోయింది. ఆటగాళ్ల ఆరోగ్యం కోసం వచ్చిన మంచి మార్పే, వెనక్కి తీసుకోమని మేము అడగం. కానీ ఒంటికి ఒళ్లు తగిలితే తప్ప నేర్చుకోలేని పని లైన్‌మెన్‌ది. కాలేజీల్లోనేమో ఇప్పుడు బంతి అందీ అందగానే విసిరేసే ఆటే ఎక్కువ, మూడు సెకన్లు కాపు కాయాల్సిన అవసరం తక్కువ. మిమ్స్‌నే తీసుకోండి. 150 కిలోలకు పైబడిన మనిషి, కదిలితే చిరుత. జార్జియా యూనివర్సిటీలో మొదటి నుంచీ బరిలో దిగిన మ్యాచ్‌లు ఎనిమిదే. అలాంటివాణ్ని తెచ్చి, శాక్‌లలో ఆరితేరిన పిట్స్‌బర్గ్ ఆటగాడు టి.జె. వాట్, గారెట్ ఉన్న డివిజన్‌లో నిలబెట్టారు.

బరో తప్పేమీ లేదా? ఉంది. చేజ్ ఇంకో అర సెకనులో ఖాళీ అవుతాడని బంతిని పట్టుకుని చూస్తుంటాడు. ఆ అర సెకను కొన్నిసార్లు టచ్‌డౌన్, కొన్నిసార్లు శాక్. 2024లో అతడు 652 సార్లు బంతి విసిరాడు, లీగ్‌లో అందరికంటే ఎక్కువగా 4,918 గజాలు, 43 టచ్‌డౌన్లు సాధించాడు. 48 సార్లు శాక్ అయ్యాడు. బంతి పట్టుకుని పరిగెత్తే ఆట బలహీనంగా ఉన్నప్పుడు వచ్చేది పాసేనని ఎదుటివాళ్లకు ముందే తెలుసు. వాళ్లు కాచుకుని ఉంటారు. 2023లో అతడి మణికట్టుకు తగిలిన దెబ్బను కూడా లైన్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. ఇవన్నీ ఒప్పుకుంటాం. అయినా జట్టు అతడి మీద 2023లో ఐదేళ్లకు 27.5 కోట్ల డాలర్లు పెట్టింది. 2025 మార్చిలో చేజ్‌కు 16.1 కోట్లు, ఇంకో రిసీవర్ టీ హిగ్గిన్స్‌కు 11.5 కోట్లు. అంగట్లో అన్నీ సిద్ధం. సెప్టెంబరు 14న, రెండో మ్యాచ్‌లోనే, జాక్సన్‌విల్ ఆటగాడు మీద పడి బరో కాలి బొటనవేలు దెబ్బతింది. ఆపరేషన్ జరిగింది. నవంబరు చివరి దాకా మైదానంలో లేడు. సీజన్ 6 గెలుపులు, 11 ఓటములతో ముగిసింది. అల్లుడి నోట్లో శని ఎక్కడుందో వేరే చెప్పాలా?

ఫిలడెల్ఫియా సంగతి చూడండి. 2018లో ఏడో రౌండ్లో ఆస్ట్రేలియా నుంచి జోర్డాన్ మైలాటా అనే రగ్బీ ఆటగాణ్ని తీసుకుంది. అప్పటికి అతడు ఒక్క అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఆడలేదు. 2013లోనే అక్కడ చేరిన లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్ చేతిలో పెట్టి రెండేళ్లు బరిలో దింపకుండా నేర్పించింది. ఆ మైలాటా లెఫ్ట్ టాకిల్‌గా ఉన్న జట్టే 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచింది. అక్కడ పెట్టుబడి ఓపికే.

బెంగాల్స్‌కు ఆ అవకాశం ఇప్పుడు చేతిలో ఉంది. 2025 మూడో రౌండ్లో వచ్చిన గార్డు డిలన్ ఫెయిర్‌చైల్డ్, మిమ్స్ ఇద్దరూ జార్జియాలో కలిసి ఆడినవాళ్లే. పీటర్స్‌ను కనీసం ఇంకో మూడేళ్లు కదిలించకూడదు. 2026 డిసెంబరుకు బరోకు 30 నిండుతాయి, అతడి ఒప్పందం 2029 సీజన్ దాకా ఉంది. మిమ్స్ ఐదో ఏడాది ఆప్షన్ మీద, అంటే అతడి ఒప్పందాన్ని ఐదో ఏడాదికి పొడిగించుకునే హక్కు మీద, జట్టు 2027 మే నెలలోపు తేల్చాలి. ఆ గడువు దాకా బేరమాడుతూ కూర్చుని, 2017లో లాగా ఇంకో జట్టు ఎగరేసుకుపోయాక నాలుక కరుచుకుంటుందా, ముందే పిలిచి దీర్ఘకాల ఒప్పందం మీద సంతకం పెట్టిస్తుందా? మా ఓటు ముందే పిలవడానికి.