అమీర్‌పేట బ్యానర్ చూసి వెబ్ టెక్నాలజీ ఎంచుకోకండి

మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల బ్యానర్లు మారాయంటే ఉద్యోగ ప్రకటనల్లో పదాలు మారాయని అర్థం. అంతవరకే. దాని మీద రాసిన టెక్నాలజీ నేర్చుకోవడానికి ఆర్నెల్లు పెట్టొచ్చా లేదా అన్నది బ్యానర్ చెప్పదు. మాదాపూర్ మీటప్‌లో చూపించే డెమో కూడా చెప్పదు, అది నడిచేది కొత్త ల్యాప్‌టాప్ మీద, క్రోమ్‌లో, మంచి వైఫైలో.

ముందు అడగాల్సింది ఒక్కటే: ఇది క్రోమ్ వాళ్ల ముచ్చటేనా, సఫారీ, ఫైర్‌ఫాక్స్ వాళ్లూ ఒప్పుకున్నారా? కొత్త ప్రతిపాదనల మీద తమ వైఖరేంటో మొజిల్లా (ఫైర్‌ఫాక్స్ తయారుచేసేవాళ్లు), వెబ్‌కిట్ (సఫారీ లోపలి ఇంజిన్) బృందాలు గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా రాస్తాయి. చూడటానికి పది నిమిషాలు చాలు. అక్కడ వ్యతిరేకత కనిపిస్తే, క్రోమ్‌లో ఎంత బాగా నడిచినా దాని మీద ప్రొడక్ట్ కట్టొద్దు. బ్రౌజర్‌లోనే డేటాబేస్ పెట్టుకునే వెబ్ ఎస్‌క్యూఎల్ సంగతి చూడండి. అమలు చేసినవాళ్లంతా ఎస్‌క్యూలైట్ అనే ఒకే డేటాబేస్ ఇంజిన్‌ని వాడారు, వేరే స్వతంత్ర అమలు రాలేదు. అందుకే వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2010లోనే ఆ పని ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ దాన్ని అసలు పెట్టనేలేదు. అయినా క్రోమ్‌లో పనిచేస్తోంది కదా అని యాప్‌లు కడుతూ పోయారు. ముందు సఫారీ తీసేసింది, 2023లో క్రోమ్ 119 కూడా తీసేసింది.

క్రోమ్‌లో వస్తే చాలనుకునేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. మన దగ్గర ఐఫోన్‌లో క్రోమ్ ఐకాన్ నొక్కినా లోపల నడిచేది వెబ్‌కిట్టే.

తర్వాత బేస్‌లైన్ చూడండి, ఒక ఫీచర్ ప్రధాన బ్రౌజర్లన్నిట్లో ఉందో లేదో చెప్పే ముద్ర అది. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ అన్నిట్లోకీ వచ్చిన రోజు ఒక ఫీచర్ "కొత్తగా అందుబాటులో" అవుతుంది. అక్కడి నుంచి 30 నెలలు గడిస్తే "విస్తృతంగా అందుబాటులో" అంటారు. సీఎస్ఎస్‌లో హ్యాజ్ సెలెక్టర్ (:has, లోపల ఏముందో చూసి పై ఎలిమెంట్‌ని ఎంచుకునేది) సఫారీకి 2022 మార్చిలో, క్రోమ్‌కి ఆగస్టులో వచ్చింది. ఫైర్‌ఫాక్స్‌కి వచ్చేసరికి 2023 డిసెంబర్. అంటే విస్తృతం అనే ముద్ర 2026 జూన్‌కి. అప్పటిదాకా ముట్టుకోకూడదని కాదు. లేనప్పుడు ఏం పాడవుతుందో చూసుకోవాలి. వ్యూ ట్రాన్సిషన్స్ లేకపోతే యానిమేషన్ లేకుండా పేజీ మారుతుంది, నష్టమేం లేదు, ఇవాళే వాడండి. హ్యాజ్ అలా కాదు. దాన్ని కామా పెట్టి మామూలు సెలెక్టర్ల పక్కన రాస్తే, పాత బ్రౌజర్ ఆ ఒక్కటి అర్థంకాక మొత్తం రూల్‌నే పారేస్తుంది. వేరే రూల్‌గా రాస్తే ఈ గొడవ ఉండదు.

ట్రయల్ వేసేటప్పుడు డెవ్‌టూల్స్‌లో (బ్రౌజర్‌లోని డెవలపర్ పరికరాలు) సీపీయూని 4 రెట్లు తగ్గించి సరిపెట్టుకోకండి. అందులో ర్యామ్ కొరత కనబడదు. ఓ చవక ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీతో కలిపి, నొక్కిన 200 మిల్లీసెకన్లలోపు స్క్రీన్ స్పందిస్తోందా లేదా చూడండి.

లైబ్రరీలకైతే లెక్క వేరు: రేపు పీకేయాలంటే ఎన్ని ఫైళ్లు ముట్టుకోవాలి? యాంగ్యులర్‌జేఎస్ అనే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్‌కి 2021 డిసెంబర్ 31తో సపోర్ట్ అయిపోయింది. అక్కడి నుంచి కొత్త యాంగ్యులర్‌కి మారడం దాదాపు తిరగరాయడమే.

ఇక ఏ బ్యానర్ మీదా కనబడనిది, మనకు నిజంగా కావాల్సింది ఒకటుంది: ఇంటల్ సెగ్మెంటర్ (Intl.Segmenter), పదాన్ని కంటికి కనిపించే అక్షరాలుగా విడగొట్టే జావాస్క్రిప్ట్ సదుపాయం. "లక్ష్మి" పొడవెంతని జావాస్క్రిప్ట్‌ని అడిగితే 7 అంటుంది. కంటికి కనిపించేవి రెండే అక్షరాలు. మొదటి మూడు తీసుకుని కత్తిరిస్తే "లక్" మిగులుతుంది. తెలుగు పేర్లు కార్డుల మీద, నోటిఫికేషన్లలో ఇలా తెగి కనిపిస్తుంటే ఎవరికీ పట్టకపోవడం నాకు మింగుడుపడదు. 2024 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్ 125తో సెగ్మెంటర్ అన్ని ప్రధాన బ్రౌజర్లలోకీ వచ్చేసింది. ఒక్క మెలిక ఉంది. తెలుగు సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదన్న నియమం యూనికోడ్ 15.1లో, 2023లో చేరింది. అందుకే పాత బ్రౌజర్ అదే పేరుకి 2 బదులు 4 చెప్పొచ్చు. కాబట్టి దాన్ని కత్తిరించడానికి మాత్రమే వాడండి. ఆ లెక్కని సర్వర్ లెక్కతో పోల్చి ఫారం తిప్పికొట్టేలా రాయకండి.