ఫిన్లాండ్ చదువు ఉచితం కాదు: ఆ ఫార్వర్డ్ మెసేజ్‌కు జవాబు

“ఫిన్లాండ్‌లో చదువు ఫ్రీ. ఐఈఎల్‌టీఎస్ అక్కర్లేదు, ఇంగ్లిష్ మీడియం సర్టిఫికెట్ చాలు. నాన్నగారి అకౌంట్‌లో బ్యాలెన్స్ చూపిస్తే సరి. వారానికి 30 గంటలు పని, ఖర్చంతా అందులోనే వెళ్లిపోతుంది. చదువవగానే పీఆర్ (శాశ్వత నివాసం).”

దరఖాస్తుల కాలం వచ్చిందంటే బీటెక్ పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ తరహా మెసేజ్ తిరుగుతుంది. ఇందులో కొన్ని ముక్కల్లో కాస్త నిజం ఉంది. జనం నమ్మేది అందుకే. నమ్మి అప్పు చేసి వెళ్లినవాళ్లకు మొదటి చలికాలంలోనే ఊపిరాడదు.

“ఫ్రీ” అన్నది ఒకప్పటి మాట. 2017 ఆగస్టు నుంచి యూరోపియన్ యూనియన్ బయటి దేశాలవాళ్లు ఇంగ్లిష్‌లో చదివే బ్యాచిలర్స్, మాస్టర్స్ కోర్సులకు ఫీజు కట్టాల్సిందే. కోర్సును బట్టి ఏడాదికి సాధారణంగా 8 వేల నుంచి 20 వేల యూరోల దాకా ఉంటుంది. దరఖాస్తు చేయడానికే 100 యూరోలు. పక్క దేశాలకు పోదామా అంటే డెన్మార్క్ 2006లో, స్వీడన్ 2011లో, చివరికి నార్వే కూడా 2023లో ఫీజులు పెట్టాయి. నిజంగా ఫీజు లేనివి పీహెచ్‌డీ, ఫిన్నిష్ లేదా స్వీడిష్ భాషలో నడిచే డిగ్రీలు. స్కాలర్‌షిప్పులు ఉన్నాయి, మంచివే. కానీ రెండో ఏడు కూడా అవి కొనసాగాలంటే సాధారణంగా ఏడాదిలో 55 నుంచి 60 క్రెడిట్లు (పాసైన కోర్సులకు వచ్చే పాయింట్లు) పూర్తిచేయాలి. రాత్రి పని, పగలు నిద్ర పెట్టుకున్నవాళ్లకు మొదట పోయేది ఆ స్కాలర్‌షిప్పే.

ఇంగ్లిష్ మీడియం సర్టిఫికెట్ మాట మరీ ప్రమాదం. హెల్సింకి, ఆల్టో వంటి విశ్వవిద్యాలయాలు భారతదేశంలో ఇంగ్లిష్‌లో చదివిన డిగ్రీని భాషా రుజువుగా తీసుకోవు. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ లాంటి పరీక్ష స్కోరు కావాలి. మాస్టర్స్‌కు మామూలుగా ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 అడుగుతారు, కొన్నిచోట్ల రైటింగ్‌కు విడిగా కనీస స్కోరు ఉంటుంది. ఇంకో మెలిక ఎవరూ చెప్పడం లేదు. అక్కడ ఉన్నత విద్యాసంస్థలు రెండు రకాలు: విశ్వవిద్యాలయాలు, అనువర్తిత శాస్త్రాల సంస్థలు (యూనివర్సిటీస్ ఆఫ్ అప్లయిడ్ సైన్సెస్). రెండో రకంలో మాస్టర్స్ చేయాలంటే డిగ్రీ తర్వాత అదే రంగంలో రెండేళ్ల ఉద్యోగానుభవం తప్పనిసరి. నిన్న బీటెక్ పూర్తిచేసిన పిల్లవాడి పేరు మీద అక్కడ దరఖాస్తు పెట్టించడమంటే ఆ 100 యూరోలు నీళ్లపాలు చేయడమే. స్టడీఇన్ఫో అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఎవరికివారే దరఖాస్తు చేసుకోవచ్చు. జనవరిలో జరిగే ఉమ్మడి దరఖాస్తులో ఒకేసారి ఆరు కోర్సుల వరకు ఎంచుకోవచ్చు.

బ్యాంకు బ్యాలెన్స్ విషయంలో మెసేజ్ చెప్పేది పూర్తిగా తప్పు. అక్కడ ఉండి చదవడానికి ఇచ్చే నివాస పర్మిట్ కోసం 2024 నవంబరు నుంచి నెలకు 800 యూరోల లెక్కన, ఏడాదికి 9,600 యూరోలు చూపాలి. ఆ డబ్బు విద్యార్థి సొంత ఖాతాలో ఉండాలి. తండ్రి ఖాతా స్టేట్‌మెంటు, మామయ్య ఇచ్చిన స్పాన్సర్ అఫిడవిట్ చెల్లవు. ఖాతాలోకి ఉన్నట్టుండి పెద్ద మొత్తం వచ్చిపడితే అదెక్కడిదని వలస విభాగం మిగ్రి అడగవచ్చు కాబట్టి బదిలీ కాగితాలు దాచుకోండి. ఈ 9,600 ఫీజుకు అదనం, ఫీజులో భాగం కాదు. ఆరోగ్య ఇన్సూరెన్సు కూడా చూసుకోవాలి: చదువు రెండేళ్లు, ఆపైన అయితే 40 వేల యూరోల కవరేజీ, రెండేళ్లలోపు అయితే 1,20,000. దిగిన రోజు నుంచే అమల్లో ఉండాలి. పర్మిట్ వచ్చింది కదా అని పాలసీ రద్దు చేసుకుంటే పర్మిట్‌కే ముప్పు.

ఇక పని. 30 గంటలన్నది నిజమే, ఏడాది సగటున వారానికి 30. చదువులో భాగమైన ఇంటర్న్‌షిప్పు ఇందులోకి రాదు. కానీ అది గరిష్ఠ పరిమితి మాత్రమే. అన్ని గంటల పని దొరుకుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. చట్టంలో కనీస వేతనం లేదు, రంగాలవారీ ఒప్పందాలే వేతనాన్ని తేలుస్తాయి. గంటకు 12 యూరోల చొప్పున వారానికి 15 గంటల పని దొరికిందనుకుందాం: నాలుగు వారాలకు 720 యూరోలు, అదీ కోతలకు ముందు. గది అద్దె, తిండి పోగా అందులో ఫీజుకు మిగిలేదేమీ ఉండదు. పైగా క్లీనింగ్, హోటల్ పనులకు కూడా చాలాచోట్ల ఫిన్నిష్ అడుగుతారు. దిగిన రెండు మూడు నెలల్లో పని దొరక్కపోవడం మామూలే. డబ్బు అయిపోయిందని అక్కడి ప్రభుత్వ సామాజిక భద్రతా సంస్థ కేలా దగ్గర జీవనాధార సహాయం తీసుకుంటే పర్మిట్ రద్దు కావచ్చు. అందుకని మొదటి ఏడాది ఫీజు, 9,600 యూరోలు రెండూ చేతిలో ఉంటేనే విమానం ఎక్కండి. పార్ట్‌టైమ్ జీతాన్ని లెక్కలోకే తీసుకోకండి.

మెసేజ్‌లో ఇంటి ఊసే లేదు. హెల్సింకిలో హోఆస్, తాంపెరెలో టోఆస్, ఔలులో పీఎస్‌ఓఏఎస్ విద్యార్థి గదులు ఇస్తాయి. సీటు ఖరారైన రోజే దరఖాస్తు పెట్టాలి. ఆగస్టులో అందరూ ఒక్కసారే వస్తారు. చాలా గదుల్లో మంచం ఉండదు, పరుపు ఉండదు. సీలింగ్‌లో ప్లగ్ సాకెట్ ఉంటుంది, లైటు మనమే కొని తగిలించుకోవాలి. ఊళ్లోని పాత సామాను దుకాణాల్లో ఇవన్నీ చవకగా దొరుకుతాయి. మధ్యాహ్న భోజనం మాత్రం దిగులు లేదు: విద్యార్థి కార్డు చూపిస్తే క్యాంపస్ క్యాంటీన్‌లో కేలా రాయితీతో సుమారు 3 యూరోలకే కడుపు నిండుతుంది.

చివరిగా పీఆర్. డిగ్రీ తర్వాత వచ్చేది ఉద్యోగం వెతుక్కోవడానికి రెండేళ్ల పర్మిట్. అది శాశ్వత నివాసం కాదు. 2026 జనవరి నుంచి శాశ్వత నివాసానికి సాధారణ గడువు నాలుగేళ్ల నుంచి ఆరేళ్లకు పెరిగింది, భాష, ఉద్యోగ చరిత్ర షరతులు చేరాయి. అక్కడే డిగ్రీ చేసినవాళ్లకు సడలింపు మార్గం ఉన్నా, భాష రాకుండా అదీ తెరుచుకోదు. ఫిన్నిష్ కష్టమైన భాషే. నామవాచకానికి పదిహేను విభక్తులు. అయితే విభక్తి ప్రత్యయాలు పదం చివర అతుక్కోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. విశ్వవిద్యాలయంలో ఫిన్నిష్ కోర్సులు ఉంటాయి, క్రెడిట్లు కూడా వస్తాయి. సీట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి మొదటి సెమిస్టర్ రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే పేరు నమోదు చేసుకోండి.